పద్నాలుగు బొటనవేళ్ళ దూరం

సృష్టిలోని చాపలన్నీ రెండే స్థితులలో ఉంటాయి: చుట్టినవి, పరచినవి. మొదటి స్థితి నుంచి రెండో స్థితికి అవి తమంతట తాము చేరవనీ, నడుమ ఒక మనిషి నడుము వంచవలసి ఉంటుందనీ, సంఘ చరిత్రలు రాసిన మహనీయులెవరూ తగినంత శ్రద్ధతో నమోదు చేయలేదు. కొత్తలంకపేట సంఘంలో ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా అలా నడుము వంచుతూ వచ్చిన మనిషి పేరు తీతయ్య.

తీతయ్యకు చేతకాని పనులు చాలా ఉన్నాయి. పైకి ప్రార్థన చేయలేడు. ఒకసారి ఎవరింటనో గృహ ప్రార్థనలో ఆయన వంతు వచ్చినప్పుడు "ప్రభువా" అని మొదలుపెట్టి, మూడు నిమిషాలు మౌనంగా నిలబడి, "ఆమెన్" అని కూర్చున్నాడు. ఆ సాయంత్రపు ప్రార్థనలన్నిటిలోకీ అదే ఉత్తమమైనదని ఆ ఇంటి ముసలమ్మ అభిప్రాయపడింది గాని, ఆ తరువాత ఆయనను ఎవరూ అడగలేదు. పాట ఎత్తుకుంటే రెండో చరణానికి తానే చేరలేనంత శ్రుతిలో ఎత్తుకుంటాడు. సాక్ష్యం చెప్పమంటే చెమటలు పడతాయి. ఇక మిగిలింది చాపలు.

ఆదివారం ఉదయం గంట కొట్టకముందే, మందిరం వెనక గదిలోంచి ఇరవై రెండు తుంగచాపలు మోసుకువచ్చి పరుస్తాడు. ఏ ఇంటి చాప ఆ ఇంటిదే. అంచు రంగును బట్టి గుర్తు. మోకాళ్ళ నొప్పులవారిని గోడ పక్కన, ప్రసంగంలో కునుకు తీసేవారిని స్తంభం చాటున, చంటిపిల్లల తల్లులను తలుపు దగ్గర ఉంచుతాడు. సంఘస్థులెవరికీ తామెక్కడ కూర్చుంటామో తెలియదు. తమ చాప ఎక్కడుంటే అక్కడ కూర్చుంటారు. అదే తమ చోటని ప్రమాణం చేసి చెబుతారు.

ఈ అజ్ఞానం మీద ఆధారపడి తీతయ్య అయిదేళ్ళుగా ఒక మహాకార్యం నడుపుతున్నాడు.

అయిదేళ్ళ క్రితం కోత పండుగనాడు లూదియమ్మ తన పెరటి గుమ్మడికాయను కానుకగా తెచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఆరాధన ముగిశాక కానుకలను వేలం వేస్తుంటే, ఆమె తమ్ముడి భార్య సలోమి పక్కావిడతో, "పైన నిగనిగలాడుతోంది గాని లోపల కుళ్ళు" అంది. మెల్లగానే అంది, కాని సలోమి మెల్లగా అన్న మాట మూడు వరుసలు దాటి వినబడుతుంది. ఆనాటి నుంచి వదినా మరదళ్ళకు మాటలు లేవు. ఇద్దరి నడుమా చిక్కుకున్న ఫిలేమోను, అంటే లూదియమ్మకు తమ్ముడూ సలోమికి మొగుడూ అయిన అభాగ్యుడు, అక్క చేతి గోంగూర పచ్చడి తిని అయిదేళ్ళయింది. లూదియమ్మ ఎర్రంచు చాప వేదిక ముందుకు, సలోమి పచ్చంచు చాప వెనక స్తంభం దగ్గరకు జరిగాయి. మధ్య పదిహేడు అడుగులు.

ముగ్గురు పాస్టర్లు ఆ సమస్య మీద ప్రసంగించారు. తీతయ్య ప్రసంగించలేడు గనుక ఆదివారానికొక్క బొటనవేలి మందం చొప్పున ఆ రెండు చాపలను దగ్గరకు జరపసాగాడు. ఎవరూ గమనించలేదు. ఇన్నాళ్ళకు పదహారు అడుగుల పైచిలుకు కరిగిపోయి, ఇక పద్నాలుగు బొటనవేళ్ళు మిగిలాయి. పద్నాలుగు ఆదివారాలు. ఆ తరువాత అంచుకు అంచు తగులుతుంది. తగిలాక ఏమవుతుందో తీతయ్య ఆలోచించలేదు. చాప వరకే తన పని అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మహామండల కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది.

దానిని పాస్టరు శుభాకరంగారు ఆరాధనలో చదివి వినిపించారు. శుభాకరంగారు యువకులు, సౌమ్యులు. ముద్ర వేసిన కాగితమంటే మిక్కిలి భక్తి గలవారు.

"సంఘ క్షేమాభివృద్ధి సకల విశ్వాసుల బాధ్యత గనుకను, సిద్ధపరచబడని విశ్వాసి చేయు సేవ సంఘమునకు హానికరము కాగలదు గనుకను, పరిశుద్ధుల సిద్ధపాటు మహాప్రణాళిక ననుసరించి, ఇకమీదట సిద్ధపాటు ధ్రువపత్రము లేనివారెవరును ఏ విధమైన పరిచర్యయు చేయరాదు. పరిచర్య యనగా సంఘమందు ఒకరు మరియొకరి నిమిత్తము చేయు ఏ పనియైనను."

ఎవరో దగ్గారు. పక్కనున్నావిడ అలవాటు చొప్పున మంచినీళ్ళ చెంబు అందించబోయి, చేయి మధ్యలో ఆపి పాస్టరుగారి వంక చూసింది. శుభాకరంగారు ఉత్తర్వును తిరగేసి, అనుబంధంలో వెతికి, "ద్రవ పరిచర్య, క్రమసంఖ్య పంతొమ్మిది" అన్నారు విచారంగా. దగ్గినాయన దగ్గుతూనే బయటికి వెళ్ళి బోరింగు కొట్టుకున్నాడు.

మరుసటి వారం సిద్ధపాటు సంచాలకులు రెవరెండ్ డాక్టర్ ఎపఫ్రా ప్రకాశనంగారు స్వయంగా వేంచేశారు. చేతిలో పొడవాటి కర్ర, గోడ మీద బొమ్మలు వేసే యంత్రం, మొగాన మహాకార్యాల అలసట.

"మీ సంఘంలో సేవ జరుగుతోంది. నేను కాదనను," అన్నారాయన, రోగం పేరు చెప్పే వైద్యుడిలా. "కాని ఎలా జరుగుతోంది? ఎవరికి తోచినట్టు వారు, ఎవరికి ప్రేమ పుడితే వారు! వ్యవస్థాగత దృక్పథం లేదు. ఫలితాల కొలమానం లేదు. ఆకలన్నవాడికి అన్నం పెట్టారే అనుకోండి, ఏ సామర్థ్య స్థాయితో పెట్టారు?"

గంట కొట్టే నెహెమ్యా చేయెత్తి, "చేత్తోనే పెట్టామండీ," అన్నాడు.

"చూశారా!" అన్నారు ప్రకాశనంగారు.

పరిచర్యలు మొత్తం అరవై నాలుగని తేలింది. తలుపు దగ్గర నిలబడి నవ్వడం స్వాగత పరిచర్య. పెదవులు ఎంతవరకు సాగాలో బొమ్మ ఉంది. ప్రసంగం మధ్య "ఆమెన్" అనడం ప్రతిస్పందన పరిచర్య. ఎంతసేపు, ఎంత బిగ్గరగా, ఏ మాట తరువాత అన్నవి మూడు వేరువేరు పాఠాలు. చాపలు పరచడం ఆసన వ్యవస్థాపన పరిచర్య, క్రమసంఖ్య ముప్ఫయ్యొకటి. చాపకూ చాపకూ నడుమ సార్వత్రికంగా పద్ధెనిమిది అంగుళాలు ఉండాలని గోడ మీద రంగుల పటం వెలిగింది.

తీతయ్య మనసులో లెక్క కట్టాడు. పద్ధెనిమిది అంగుళాలంటే తన కొలతలో ఇరవై నాలుగు బొటనవేళ్ళు. పది ఆదివారాల పని వెనక్కి పోతుంది. మెల్లగా లేచి, "అయ్యా, చిన్న సందేహం. అన్ని చాపలకీ ఒకే దూరమాండీ?" అన్నాడు.

"దేవుని దృష్టిలో పక్షపాతం లేదు," అన్నారు ప్రకాశనంగారు. సభ చప్పట్లు కొట్టింది.

ముందు ఎవరికి ఏ వరమున్నదో తేల్చడానికి ఎనభై నాలుగు ప్రశ్నల పత్రం పంచారు. జనసమూహం ముందు ధైర్యంగా మాట్లాడగలరా? లేదు. ఇతరులను ఉత్సాహపరచి నడిపించగలరా? లేదు. ప్రణాళికలు రచించగలరా? తీతయ్య ఇక్కడ కొంచెం ఆగి, పదిహేడు అడుగుల సంగతి తలచుకొని, అది రచించింది కాదు గనుక "లేదు" అనే రాశాడు. ఎనభై నాలుగింటికీ లేదనే వచ్చింది. ఫలితం సున్న. సున్న వరాలున్న విశ్వాసి ఉండడం సిద్ధాంతరీత్యా అసాధ్యమని సంచాలకులు సెలవిచ్చారు. కాని తీతయ్య ఎదురుగా ఉన్నాడు గనుక కొత్త తరగతి ఒకటి సృష్టించి, మెడలో చీటీ వేలాడదీశారు: "తీతయ్య, తాత్కాలిక పరిశుద్ధుడు."

ఇంట్లో ఫీబమ్మ ఆ చీటీని వెలుతురులోకి తిప్పి చదివింది. తీతయ్యకు ఆమె ముప్ఫై అయిదేళ్ళుగా భార్య. పొగడడం ఆమె అలవాట్లలో లేదు.

"తాత్కాలికమంటే ఎన్నాళ్ళకట?"

"మూడు నెలల శిక్షణ, తరువాత పరీక్ష."

"ముప్ఫయ్యొక్క ఏళ్ళు పరిచినవాడికి చాప పరచడం నేర్పుతారా? రేపు నాకు పొయ్యి ఊదడం కూడా నేర్పుతారేమో."

"అది ఇంటి పని గదా, పరిచర్య కాదు."

"ఆహా! మీకు వండిపెట్టడం పరిచర్య కాదన్నమాట. సరే, రేపట్నుంచి గుర్తుపెట్టుకుంటాను." చీటీ మేకుకు తగిలించి అంది: "ఇంకెన్ని మిగిలాయి?"

తీతయ్య ఉలిక్కిపడ్డాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. "ఏవి?"

"వేళ్ళు. శనివారం రాత్రి గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూ, చాకలి పద్దులని చెబితే నమ్మడానికి మనింట్లో చాకలికి వేసే బట్టలేవి?"

"పద్నాలుగు," అన్నాడు తీతయ్య, తలొంచుకుని.

శిక్షణ మొదలయింది. ఉత్తర్వు వచ్చిన ఆదివారం పరచిన చాపలు అలాగే ఉండిపోయాయి, ఎందుకంటే చుట్టడం కూడా పరిచర్యే. ఊడ్చే ఆమె పరిశుభ్రతా పాఠ్యక్రమంలో మూడో వారంలో ఉంది గనుక ఊడ్వలేదు. మేకలు వచ్చి పడుకుంటే తోలేవారు లేరు. సంరక్షణ పరిచర్యకు ఎవరూ పేరు నమోదు చేసుకోలేదు. పాస్టరుగారికే ప్రసంగ పరిచర్యలో ధ్రువపత్రం లేదని రెండో వారం బయటపడింది. ఆయన పరీక్ష దాకా ప్రతి ఆదివారం వేదిక మీద నిలబడి ఉత్తర్వులు చదివారు. ఉత్తర్వు చదవడానికి సిద్ధపాటు అక్కరలేదు. మేకల మధ్య, దుమ్ములో, పద్నాలుగు బొటనవేళ్ళు పద్నాలుగుగానే నిలిచాయి. తీతయ్య ప్రతి వారం గుమ్మంలోంచి ఆ ఖాళీని చూసి, ముట్టుకోకుండా వెళ్ళిపోయేవాడు.

పరీక్ష వచ్చింది. నలభై ఏడు మంది రాస్తే నలభై ఆరుగురు ఉత్తీర్ణులయ్యారు. తీతయ్య పత్రంలో మొదటి ప్రశ్న: "రెండు చాపల మధ్య ఉండవలసిన దూరమెంత?" ఆయన చాలాసేపు ఆలోచించి, శ్రద్ధగా, గుండ్రటి అక్షరాలతో, "ఎవరెవరి మధ్య?" అని రాశాడు.

సున్న మార్కులు వచ్చాయి. ప్రకాశనంగారు ఎర్ర సిరాతో పక్కన "అభ్యర్థికి అవగాహన లేదు" అని రాశారు.

తీతయ్య పేరు ధ్రువపత్రాల సభలో పిలవలేదు. చప్పట్లు కొట్టే వరుసలో ఆఖరున నిలబడి ఆయన నలభై ఆరుసార్లు చప్పట్లు కొట్టాడు.

ఇక సంఘం పని చేయడం మొదలు పెడుతుందనుకున్నవారు మహాప్రణాళిక లోతు తెలియనివారు. సిద్ధపడిన పరిశుద్ధుడి మొదటి బాధ్యత పరిచర్య చేయడం కాదు, ఇతర పరిశుద్ధులను సిద్ధపరచడం. రెండో ఉత్తర్వు ప్రకారం ధ్రువపత్రం పొందిన ప్రతివారూ, ఏటేటా సిద్ధపడని ఒక విశ్వాసి మీద పన్నెండు గంటల క్షేత్రస్థాయి సిద్ధపాటు జరిపి, సంతకం తెస్తేనే ధ్రువపత్రం నిలుస్తుంది. లేకుంటే రద్దు.

నలభై ఆరుగురు సిద్ధపరచేవారు ఒకరి మొగాలొకరు చూసుకున్నారు. తరువాత అందరూ ఒక్కసారిగా తీతయ్య వంక చూశారు.

సంఘంలో సిద్ధపడని విశ్వాసి ఆయనొక్కడే మిగిలాడు.

ఆ సాయంత్రం శుభాకరంగారు పెద్ద కాగితం, పెన్సిలు పట్టుకుని తీతయ్య ఇంటికి వచ్చారు. "నలభై ఆరుగురు, తలకు పన్నెండు గంటలు. మొత్తం అయిదువందల యాభై రెండు గంటలు మిమ్మల్ని సిద్ధపరచాలి తీతయ్యగారూ. మీకు వీలైన వేళలు మీరే రాయండి. మీ మీద చాలా భారం పెడుతున్నాను."

తీతయ్య ఆ కాగితం మీద చాలాసేపు వంగి రాశాడు. పాస్టరుగారు చదువుతూ మంగళవారం దగ్గర ఆగారు. "నాలుగు గంటలకు లూదియమ్మగారినీ సలోమిగారినీ ఇద్దరినీ వేశారే?"

"ఒకే గంటలో ఇద్దరు సిద్ధపరిస్తే రెండింతలు సిద్ధపడతాను గదా అయ్యగారూ."

శుభాకరంగారు ఆలోచించారు. శిక్షణలో కాలవినియోగ సామర్థ్యమన్న పాఠం ఆయనకు బాగా వచ్చింది. "చాలా బాగుంది," అని గుర్తు పెట్టుకున్నారు.

వారం తిరగకుండానే తీతయ్య ఊళ్ళోకెల్లా ఎక్కువ శిక్షణ పొందుతున్న మనిషయ్యాడు. తెల్లవారి లేస్తూనే నెహెమ్యా వచ్చి గంట తాడు ఎలా పట్టుకోవాలో తాడు లేకుండా నేర్పాడు. తరువాత ఒకరు పలకరింపు, ఒకరు ఓదార్పు. ఓదార్పు నేర్పే ఆయన ముందుగా తీతయ్యను కొంచెం ఏడవమన్నాడు. "ఏం చెప్పి ఏడవను?" అంటే, "ఏదో ఒకటి తలచుకోండన్నా, నాకు రెండు గంటలే మిగిలాయి," అన్నాడు. మధ్యాహ్నం భోజనం చేస్తుంటే ద్రవ పరిచర్య ఆవిడ ఎదురుగా నిలబడి, చెంబు ఏ కోణంలో వంచాలో చూపించింది. నీళ్ళు మాత్రం ఫీబమ్మే పోసింది.

మంగళవారం నాలుగు గంటలయింది.

లూదియమ్మ ముందు వచ్చింది. అరవై ఏళ్ళు దాటిన భారీ మనిషి. చంకలో స్వాగత పరిచర్య పుస్తకం. వసారాలో చాప మీద కూర్చుని, "మొగం ఇటు తిప్పు తీతయ్యా, పళ్ళు కనబడకుండా నవ్వు," అంటుండగానే గుమ్మంలో సలోమి నిలబడింది. చంకలో ప్రతిస్పందన పరిచర్య.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. అయిదేళ్ళ సాధన గదా.

"నేను తరువాత వస్తానన్నయ్యా," అంది సలోమి.

"తరువాత ఖాళీ లేదమ్మా. వచ్చే నెలాఖరు దాకా నిండిపోయాను," అన్నాడు తీతయ్య. అది నిజమే. గంటలు పూర్తికాని ధ్రువపత్రాలు ఆ నెలాఖరుకే రద్దవుతాయన్నదీ నిజమే.

సలోమి చుట్టూ చూసింది. "ఇంకో చాప లేదా?"

"పరచింది ఇదేనమ్మా."

తీతయ్య జన్మలో అబద్ధమాడలేదని ఊళ్ళో పేరు. ఆ రోజూ ఆడలేదు.

సలోమి చాప చిట్టచివరి అంచు మీద, సగం చాప మీదా సగం నేల మీదా ఉండేలా కూర్చుంది. మధ్యలో పుస్తకం పెట్టింది. లూదియమ్మ తన పుస్తకం తెచ్చి దాని పక్కన పెట్టి సరిహద్దును దిట్టం చేసింది. శిక్షణ ప్రారంభమయింది.

"నవ్వు," అంది లూదియమ్మ.

"ఆమెన్ అను," అంది సలోమి.

తీతయ్య నవ్వుతూ "ఆమెన్" అన్నాడు.

"తీతయ్యా, నీ దగ్గరికొచ్చిన రెండో ఆవిడతో చెప్పు, ఆవిడ మోకాలు నా వైపు వచ్చింది."

"అన్నయ్యా, మొదటావిడతో చెప్పు, చాప మూడొంతులు ఆవిడే ఆక్రమిస్తే మోకాలు ఆకాశంలో పెట్టుకోనా అని."

"వదినగారితో చెబుతాను," అన్నాడు తీతయ్య.

"ఎవరికి వదిన?" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

సలోమి తన పుస్తకాన్ని సరిహద్దు మీదే ఉంచి, తెరిచి చదవసాగింది. "ఆమెన్ శబ్దము ఒక క్షణమున్నరకు మించరాదు. మొదటి అక్షరము నోరు నిండుగా, తదుపరి పెదవులు మెత్తగా మూయవలెను. పక్కవారి ఆమెన్‌తో పోటీపడరాదు." ఆమె గొంతు పెద్దదని ముందే చెప్పుకున్నాం. తన పాఠం ప్రకారం నమూనా చూపించబోయి, "ఆ" అని నోరు నిండా తెరిచి, క్షణమున్నర లెక్కపెట్టుకుంటూ, పెదవులు మెత్తగా మూసేసరికి అది ఆమెన్‌లా కాక, ఈనబోయే బర్రె నిట్టూర్పులా వచ్చింది.

లూదియమ్మ, పళ్ళు కనబడకుండా నవ్వడంలో ధ్రువపత్రం పొందిన మనిషి, పళ్ళన్నీ కనబడేలా నవ్వేసింది. ఆపుకుందామని పవిట నోట్లో కుక్కుకుంది, భుజాలు ఆగలేదు. ఆమె ఊగుతుంటే చాప ఊగింది. చాపతోపాటు సలోమీ ఊగింది.

"నవ్వుతావేం వదినా! ఇలాగే అనాలని పుస్తకంలో ఉంది!"

అయిదేళ్ళ తరువాత ఆ మాట నోట్లోంచి వచ్చేసిందని సలోమికే ఆలస్యంగా తెలిసింది. కళ్ళు తుడుచుకుంటున్న లూదియమ్మ ఆగిపోయింది. లోపల ఫీబమ్మ గిన్నె దించబోయి చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఇంకోసారి అనవే," అంది లూదియమ్మ.

"ఏది, ఆమెనా?"

"రెండోది."

"అనను. ఆ రోజు నేనన్నది నువ్వు మరిచావా? నాకు తెలుసు నీ సంగతి. గుమ్మడికాయ విత్తనాలు లెక్కపెట్టినట్టు మాటలు లెక్కపెట్టుకుంటావు."

"నా కాయ కుళ్ళిందన్నావు, నలుగురిలో."

"కుళ్ళలేదా మరి?"

లూదియమ్మ గడపవైపు చూసింది, కప్పువైపు చూసింది, చివరికి మధ్యనున్న రెండు పుస్తకాలవైపు చూసింది. "తొడిమ దగ్గర కొంచెం మెత్తబడింది," అంది. "నాకు తెలుసు. వేరేదేదీ పెద్దది లేదు ఆ యేడు. చిన్నది తెస్తే బాగుండదని తెచ్చాను. ఎవరికీ తెలియదులే అనుకున్నాను. నీకెలా తెలిసిందే?"

"నీ పెరట్లో నీళ్ళు పోసింది ఎవరు వదినా, నువ్వు జ్వరంలో ఉన్నప్పుడు? తొడిమ దగ్గర పురుగు తొలిచింది నేనే చూశాను. చెబుదామనుకునేలోపే నువ్వు దానికి పసుపు పూసి బుట్టలో పెట్టేశావు."

"అయితే కుళ్ళిందనకుండా పురుగు తొలిచిందనవచ్చు గదా!"

"పోనీ, అది కొన్నవాడెవడో గాని పాపం," అంది సలోమి.

తీతయ్య గొంతు సవరించుకున్నాడు. "నేనేనమ్మా. ఎవరూ పాట పెంచలేదు. పులుసు బాగుంది."

"ఏం బాగు!" అంది ఫీబమ్మ లోపలి నుంచి. "సగం కాయ పెంటకుప్పలో పోశాను. తిన్నది మాత్రం మూడు రోజులు తిన్నారు, నోరెత్తకుండా."

ఈసారి ఇద్దరూ కలిసి నవ్వారు. నవ్వుతూ జరిగిన సలోమి మోకాలు సరిహద్దు దాటింది. పుస్తకాలు రెండూ నేల మీదికి దొర్లాయి. అవి ఎవరూ తీయలేదు. అరగంట సేపు ఫిలేమోను చిక్కిపోయిన సంగతి, గోంగూర ఈ యేడు పుల్లగా కాసిన సంగతి మాట్లాడుకున్నారు. ఇద్దరి గంటల కార్డులలోనూ ఆనాటి గంటకు తీతయ్య సంతకాలు చేశాడు.

మరుసటి నెలాఖరులో సంచాలకులు తనిఖీకి వచ్చారు. మందిరంలో చాపలన్నీ రంగుల పటం ప్రకారం పద్ధెనిమిది అంగుళాల ఎడంతో పరచి ఉన్నాయి. ఆ వారమే తీతయ్య విషయంలో ఒక క్లిష్ట సమస్య తీర్చవలసి వచ్చింది. నలభై ఆరుగురూ తమ గంటలు పూర్తి చేశారు గనుక ఆయన సిద్ధపడినట్టు ప్రకటించవలసి ఉంది. కాని ఆయన సిద్ధపడితే, ఏటేటా ధ్రువపత్రాలు నిలుపుకోవడానికి సంఘంలో సిద్ధపడనివాడు ఒక్కడూ మిగలడు. నలభై ఆరుగురూ కలిసి, తీతయ్యను దయచేసి ఉత్తీర్ణుణ్ణి చేయవద్దని మహజరు పెట్టారు. ప్రకాశనంగారు లోతుగా యోచించి, మూడో ఉత్తర్వు జారీ చేశారు: "తీతయ్యను శాశ్వత అభ్యాసకునిగా పరిరక్షించవలెను. అభ్యాసకునికి అభ్యాసము అవసరము గనుక, ప్రతి ఆదివారము చాపలు పరచుట ఆయనకు ప్రాయోగిక శిక్షణగా విధించడమైనది."

మెడలోని చీటీ మారింది. తీతయ్య ఆ చీటీ వేసుకునే ఆ ఉదయం ఇరవై రెండు చాపలూ మోసి పరిచాడు. ఎర్రంచు చాపకూ పచ్చంచు చాపకూ నడుమ కూడా పద్ధెనిమిది అంగుళాలే కొలిచి పెట్టాడు. ఇక దగ్గరకు జరపవలసిన పని లేదు.

ఆరాధన మొదలయ్యే వేళకు లూదియమ్మ వచ్చి ఎర్రంచు చాప మీద కూర్చుంది. సలోమి వచ్చి పచ్చంచు చాపను దాటి, ఎర్రంచు చాప మీదే వదిన పక్కన కూర్చుని, పవిటలోంచి గోంగూర వాసన కొట్టే చిన్న సీసాను ఆమె ఒళ్ళోకి తోసింది. "ఉప్పు ఎక్కువ వేశాను, నీ తమ్ముడు ఏడుస్తున్నాడు, నువ్వే చేసి పంపు," అని మెల్లగా అంది. మూడు వరుసలు విన్నాయి.

ఖాళీగా ఉన్న పచ్చంచు చాప మీద ప్రకాశనంగారు ఆసీనులయ్యారు. అయిదేళ్ళ వైరం సమసిన కథ పాస్టరుగారు చెవిలో చెప్పగా, ఆయన కన్నులు చెమ్మగిల్లాయి. వెంటనే పుస్తకం తీసి రాసుకున్నారు.

మూడు నెలలకు మహామండలం నూట పన్నెండు పుటల నివేదిక ప్రచురించింది. స్వాగత పరిచర్య ఆరో పాఠమూ, ప్రతిస్పందన పరిచర్య రెండో పాఠమూ సమాంతరంగా బోధించినప్పుడు విశ్వాసులలో సమాధాన ఫలితాలు మూడింతలవుతాయని కొత్తలంకపేట క్షేత్రానుభవం నిరూపించినట్టు అందులో ఉంది. మిగిలిన సంఘాలన్నిటిలో ఆ రెండు పాఠాలను మంగళవారం నాలుగు గంటలకే బోధించాలని సిఫారసు కూడా ఉంది. తీతయ్య పేరు అనుబంధంలో, సిద్ధపడనివారి పట్టికలో ఉంది. ఆ పట్టికలో ఆయనదొక్కటే పేరు.

నివేదికకు ఎక్కని సంగతి ఒకటుంది. ఆ మంగళవారం తీతయ్య ఇంట్లో చాపలు రెండు ఉన్నాయి. రెండోదాన్ని ఫీబమ్మ చుట్టి, తలుపు వెనక నిలబెట్టి, కనబడకుండా దాని మీద తడిచీర ఆరవేసింది.